సగానికి సగం తేడా

1987 సంక్రాంతి సెలవుల్లో నేను సూపర్‌స్ట్రింగ్ సిద్ధాంతంలో తప్పు పట్టుకున్నాను. ఆ వాక్యం అప్పట్లో ఎంత ఇష్టంగా అనేవాణ్ణో, ఇప్పుడు రాస్తుంటే చెవులు అంత వేడెక్కుతున్నాయి.

అప్పుడు ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడు. 1984లో గ్రీన్, ష్వార్జ్ చేసిన లెక్కతో పది డైమెన్షన్ల సూపర్‌స్ట్రింగ్ గాలి ప్రపంచమంతా వీచి మా హాస్టలు దాకా వచ్చింది. స్పైనర్ అంటే ఏమిటో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేవాణ్ణి. ఏ వస్తువునైనా 360 డిగ్రీలు తిప్పితే మొదటికొస్తుంది. ఎలక్ట్రాన్‌ను వర్ణించే స్పైనర్ మాత్రం మైనస్ గుర్తు తగిలించుకుని వస్తుంది. ఇంకో చుట్టు తిప్పితేగానీ పాత రూపం రాదు. పండగనాడు అమరావతిలో అమరేశ్వరుడి గుడి చుట్టూ అమ్మ మూడు ప్రదక్షిణలు చేసి ఆగితే, "మూడంటే మైనస్సేనమ్మా, ఇంకొకటి చెయ్యి" అన్నాను. జ్వరమేమోనని అమ్మ నా నుదుటి మీద చెయ్యేసి చూసింది. ఆ చెయ్యి ఇంకాసేపు అక్కడే ఉంచాల్సింది.

నా చేతిలో లైబ్రరీ పుస్తకం ఒకటుండేది. మద్రాసులో 1962లో మ్యాట్‌సైన్స్ స్థాపించిన అల్లాడి రామకృష్ణన్ గారి ఎల్-మ్యాట్రిక్స్ థియరీ, 1972 నాటిది. డిరాక్ మాత్రికల వ్యాకరణం అని దానికి ఇంకో పేరు. స్పైనర్ సైజు పెరిగే పద్ధతి నాకు తెగ నచ్చింది. రెండు డైమెన్షన్లు పెరిగినప్పుడల్లా సైజు రెట్టింపు: నాలుగింటికి 4 సంకీర్ణ అంశాలు, ఆరింటికి 8, ఎనిమిదింటికి 16, పదింటికి 32. వ్యాకరణం సగం చదివి కావ్యం మొదలెట్టేవాళ్ళుంటారే, నేనా జాతి.

సూపర్‌స్ట్రింగ్‌లోని 'సూపర్' అంటే సూపర్‌సిమెట్రీ. దానికి ముందు కావలసింది జమాఖర్చు సరిపోవడం. ఒక పక్క ఫోటాన్ లాంటి బోసాన్ల స్థితులెన్నో, ఇంకో పక్క ఎలక్ట్రాన్ లాంటి ఫెర్మియాన్ల స్థితులన్నే ఉండాలి. మన నాలుగు డైమెన్షన్లలో ఫోటాన్‌కు రెండు స్థితులు. దాని జోడీకి డిరాక్ స్పైనర్ మొత్తం పెడితే ఎక్కువవుతుంది కాబట్టి తగ్గించాలి. తగ్గించే దారులు రెండు. వైల్ 1929లో చూపినట్టు ఎడమచేతి వాటాన్నే ఉంచుకుని కుడిచేతిది పారేయొచ్చు. మయొరానా 1937లో చూపినట్టు స్పైనర్ తన సంయుగ్మానికి తానే సమానం కావాలని షరతు పెట్టొచ్చు. అప్పుడు మిగిలేవి నాలుగు వాస్తవ సంఖ్యలు. చలన సమీకరణం అందులో సగం తినేస్తుంది. రెండుకు రెండు.

రెండు షరతులూ ఒకేసారి పెడితే? నాలుగు డైమెన్షన్లలో ఎడమదాని సంయుగ్మం కుడిది. కుడిదాన్ని పారేశాం. ఇక మిగిలేది సున్నా. ఇది నేను కష్టపడి నేర్చుకున్న సంగతి, అందుకే వేదవాక్కులా పట్టుకున్నాను. పది డైమెన్షన్లకు వెళ్ళి బోసాన్ వైపు 10లోంచి 2 తీసేసి 8 రాశాను. ఫెర్మియాన్ వైపు మయొరానా షరతొకటే పెట్టి, 32లో సగం 16 రాశాను. ఎనిమిదికి పదహారు! ఆ రాత్రే మద్రాసులోని ఒక ప్రొఫెసరుగారికి ఇన్లాండ్ లెటరు రాసేశాను.

మర్నాడు కల్లంలో మొదటి కోత మిరపకాయలు ఆరబోసి, ఆడవాళ్ళు తాలు ఏరుతున్నారు. నాన్న టిక్కీలు లెక్కపెడుతున్నాడు. ఉండబట్టలేక చెప్పాను, పెద్దపెద్దవాళ్ళ లెక్క తప్పని.

"తేడా ఎంతొచ్చింది?"

"ఇటు ఎనిమిది, అటు పదహారు."

"క్వింటాకి కిలో తేడా వస్తే కాటా పట్టినోణ్ణి అనుమానించాలిరా. సరిగ్గా సగానికి సగం వచ్చిందంటే మనమే ఏందో రెండుసార్లు రాసుకున్నట్టు."

మిరపకాయల మనిషికి సూపర్‌సిమెట్రీ ఏం తెలుస్తుందని నవ్వుకున్నాను. నా తెలివితక్కువతనాల్లో ఈ నవ్వే పెద్దది.

సెలవుల తర్వాత సెమినారు. బోర్డు నిండా రాసి, చివర 8, 16 చుట్టూ సున్నాలు చుట్టి, వెనక్కి తిరిగాను. మాస్టారు ఒక్కటే అడిగారు: "రెండు షరతులూ కలిపి పెట్టకూడదన్నావు. పదిలో కూడానా?"

నేను చూడలేదు. చూడాలని తట్టనే లేదు. పది డైమెన్షన్లలో ఎడమదాని సంయుగ్మం ఎడమదే. వైల్, మయొరానా షరతులు రెండూ పెట్టినా స్పైనర్ బతుకుతుంది: 16 వాస్తవ సంఖ్యలు, అందులో సగం 8. ఆరు డైమెన్షన్లు ఇంకా విచిత్రం. అక్కడా ఎడమది ఎడమగానే ఉంటుంది గానీ, రెండుసార్లు సంయుగ్మం తీస్తే మైనస్ వస్తుంది, కాబట్టి ఒంటరిగా కుదరదు, జంటగా పెట్టుకోవాలి. ఈ తీరు ఎనిమిది డైమెన్షన్లకోసారి తిరిగొస్తుంది. రెండు షరతులూ పట్టేవి 2, 10, 18. పదకొండు బేసి కనుక అక్కడ ఎడమా కుడీ లేవు, మయొరానా షరతొకటే. 1978లో క్రెమ్మర్, జూలియా, షెర్క్ పదకొండు డైమెన్షన్లలో కట్టిన సూపర్‌గ్రావిటీలో స్పైనర్‌కు 32 వాస్తవ సంఖ్యలు ఉండేది అందుకే. ఒక గేజ్ క్షేత్రం, ఒక స్పైనరు మాత్రమే పెట్టి జమాఖర్చు సరిచేయగలిగేది 3, 4, 6, 10 డైమెన్షన్లలోనే. లెక్క అంత అరుదుగా కుదిరే చోటుకు వెళ్ళి మరీ తప్పు పట్టానన్నమాట.

ఇవన్నీ ఆ రోజు బోర్డు ముందు తెలియలేదు. ఆ రోజు చాక్‌పీసు కింద పడితే తీసుకోవడానికి వంగాను, లేవడానికి కాస్త ఎక్కువసేపు పట్టింది.

మూడు వారాలకు మద్రాసు నుంచి ఇంటికి కార్డు వచ్చింది. ఒక్క వాక్యం: నాలుగు డైమెన్షన్ల వరకు మీ లెక్క సరిగ్గా ఉంది.

"ఏం రాశారు?" అన్నాడు నాన్న.

"లెక్క సరిపోయిందంట."

"మరి కాటా?"

"కాటా బాగానే ఉంది నాన్నా" అని కార్డు జేబులో పెట్టుకున్నాను.