ఉల్లిచారు పద్యం: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

ఫ్రెంచి వంట అనగానే మనవారికి పొడుగు తెల్లటోపీ, నోరు తిరగని పేరు, పెద్ద పళ్లెం నట్టనడుమ చెంచాడు పదార్థం గుర్తుకొస్తాయి. ఆ జడుపు తీర్చడానికి కాబోలు, పేరు చెప్పుకోని కవి ఎవరో పారిస్ ఉల్లిచారు మీద ఒక ఆటవెలది చెప్పి వదిలిపెట్టాడు. సీసం జోలికి పోలేదు. సీసాల సంగతి చివర వస్తుంది. పద్యం చెవికి సుఖంగానే ఉంటుంది. నమ్మి పొయ్యి వెలిగిస్తేనే చిక్కు. కనుక పాచకలోక హితార్థం ఈ టీక.

మూలము

ఉల్లిపాయ తరిగి యొకసేరు వెన్నలో
నైదు నిముసములకె యౌను పసిడి
చారు పోసి రొట్టె సరిజున్ను పైఁ జల్లి
కాల్చి వేడివేడి కడుపు నింపు

ప్రతిపదార్థము

ఒకసేరు = కిలోకు కాస్త అటూ ఇటూగా; ఉల్లిపాయ = ఉల్లిగడ్డలను; తరిగి = కళ్లు తుడుచుకొనుచు, నిలువునా సన్నగా కోసి; వెన్నలోన్ = వెన్నయందు (వేయించగా); ఐదు నిముసములకె = ముప్పావుగంట మొదలు గంట వరకు పట్టు కాలమునకు; పసిడి = బంగారు రంగు కలది; ఔను = అగును; చారు = ఎముకలు కాచిన నీటిని గాని కూరగాయలు కాచిన నీటిని గాని; పోసి = పోసి; రొట్టె = నిన్నటి రొట్టెముక్క యొక్క; పైన్ = మీద; సరిజున్ను = తగిన చీజ్ తురుమును; చల్లి = చేయి వెనుదీయక చల్లి; కాల్చి = మీదినుంచి సెగ తగిలించి; వేడివేడి = నాలుక చుర్రుమనునట్లుగా; కడుపు = ఉదరమును; నింపు = నింపుము.

తాత్పర్యము

కిలో ఉల్లిపాయలు తరిగి, వెన్నలో సన్నసెగ మీద బంగారు రంగు తిరిగేదాకా వేయించి, చారు పోసి మరగనిచ్చి, గిన్నెల్లో వడ్డించి, మీద ఎండిన రొట్టెముక్క తేల్చి, దాన్ని చీజ్‌తో కప్పి, పైసెగన కాల్చి, చల్లారకముందే తినమని భావం. సన్నసెగ, మరగనివ్వడం, గిన్నెలు మూలంలో లేవు, అధ్యాహారం చేసుకోవాలి. ఉప్పు కూడా లేదు. అంతమాత్రాన కవి ఉప్పు తినడని అనుకోరాదు.

అన్వయము

"ఒకసేరు" అన్న విశేషణం ఎటు చేరుతుంది? ముందున్న ఉల్లికా, వెనకున్న వెన్నకా? ఉల్లికే అని మా సిద్ధాంతం. వెన్నకు చేర్చి చదివినవారు వ్యాకరణరీత్యా తప్పు చేసినట్టు కాదు గాని, వైద్యుడి దగ్గర ఆ అన్వయం నిలవదు. కిలో ఉల్లికి మూడు నాలుగు పెద్ద చెంచాల వెన్న చాలు.

ఇక పాఠాంతరాలు. "వెన్నలో" అన్నచోట "నూనెలో" అని కొందరు చదువుతారు. గణభంగం లేదు. దేశంలోనూ దానికి ఆధారం ఉంది: ఫ్రాన్సులో ఉత్తరాదివారిది వెన్న, దక్షిణాన ఆలివ్ నూనె, నైరుతిమూల బాతు కొవ్వు. అమెరికన్ ఇల్లాళ్లకు ఫ్రెంచి వంట నేర్పిన జూలియా చైల్డ్ 1961లో ఇద్దరు ఫ్రెంచి వనితలతో కలిసి వెలువరించిన పుస్తకంలో వెన్నా నూనే రెండూ కలిపి వాడింది. "నేతిలో" అన్నది మన వంటిళ్లలో పుట్టిన పాఠం. దీనికీ ఛందస్సు ఒప్పుకుంటుంది, ఉల్లీ ఒప్పుకుంటుంది. తొందరగా మాడే పాలపదార్థం నేతిలో ఉండదు కదా.

అల్లంవెల్లుల్లి ముద్ద, ధనియాలపొడి, గరం మసాలా మాత్రం ప్రక్షిప్తాలు. ఏ ప్రాచీన ప్రతిలోనూ కనబడవు. మిరియాల దాకా శిష్టసమ్మతం. థైమ్ రెమ్మ, బే ఆకు దొరికితే వేయండి. దొరకలేదని ఊరంతా తిరగనక్కర్లేదు.

అలంకార విచారము

ఈ పద్యానికి ఆయువుపట్టు రెండో పాదం. అబద్ధమూ అక్కడే ఉంది.

ఐదు నిమిషాల్లో ఉల్లి బంగారమవుతుందా? కాదు. దీన్ని అతిశయోక్తి అని తేల్చేద్దామా అంటే, అతిశయోక్తి వల్ల పాఠకుడికి ఆనందం కలగాలి, ఇక్కడ కలిగేది ఆకలి. ఇది కవిసమయం. చకోరం వెన్నెల తాగుతుందని ప్రతి కవీ ఎలా రాస్తాడో, ఉల్లి ఐదు నిమిషాల్లో ఎర్రబడుతుందని ప్రతి వంటల పుస్తకమూ అలాగే రాస్తుంది. చూసినవాడు లేడు, ఖండించినవాడూ లేడు. నిజం రాస్తే ఆ పేజీ తిప్పేసి పోతారని రచయితల భయం. జూలియా చైల్డ్ ఈ విషయంలో నిజాయితీపరురాలు: మూతపెట్టి పావుగంట, మూత తీసి మరో అరగంట నుంచి నలభై నిమిషాలు అని కాగితం మీద పెట్టింది.

ఎందుకింత సేపు? ఉల్లిపాయలో నూటికి దాదాపు 89 పాళ్లు నీరే. నీరు ఉన్నంతసేపూ బాణలిలో వేడి 100 డిగ్రీలు దాటదు. ఉల్లి ఉడుకుతుందే తప్ప రంగు తిరగదు. నీరు చాలావరకు ఆవిరయ్యాక వేడి పైకి లేస్తుంది. అప్పుడు ఉల్లిలోని చక్కెరలూ, మాంసకృత్తుల మూలాలైన ఆమ్లాలూ కలిసి ఆ గోధుమవన్నె, ఆ కమ్మదనం పుట్టిస్తాయి. ఈ చర్యను 1912లో వివరించినవాడు లూయీ కమీ మయ్యార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, అందుకే దానికి ఆయన పేరే పెట్టారు. చిటికెడు వంటసోడా వేస్తే పని త్వరగా తెములుతుందని కొందరి మతం. తెములుతుంది, ఉల్లి కూడా గుజ్జయి కూర్చుంటుంది. సెగ పెంచేవారిది ఇంకో మతం. వారి ఉల్లి అంచున నలుపు, నడుమ తెలుపు.

కావ్యానికి ఆత్మ ధ్వని అన్నాడు ఆనందవర్ధనుడు. ఉల్లికీ అంతే. చెవి ఒగ్గి వినాలి. మొదట బాణలి నిండా కొండలా ఉన్న ముక్కలు పది నిమిషాల్లో సగానికి కుంగుతాయి. అప్పటి చప్పుడు తడితడిగా బుడబుడమంటుంది. అరగంట దగ్గరపడేసరికి ముక్కలు అద్దంలా పారదర్శకమై, చప్పుడు సన్నగిల్లి, మధ్యమధ్య చిటపట మొదలవుతుంది. నీరు తీరిందని అర్థం. ఇక ఫోను పక్కన పెట్టాలి. బాణలి అడుగున గోధుమరంగు పొర కట్టుకుంటుంది, అది మాడు కాదు, సారం. గరిటెడు నీళ్లు చిలకరించి చెక్కగరిటెతో గీకితే పొర కరిగి ముక్కలకు పడుతుంది. మళ్లీ కట్టుకుంటుంది, మళ్లీ గీకాలి. ఇలా కొన్ని విడతలు గడిచాక కిలో ఉల్లిపాయలు గుప్పెడు గోధుమరంగు ముద్దగా మారి గరిటెకు అంటుకుంటాయి. కవిగారి పసిడి ఇదే. ఈ దశలో ఒక చెంచా మైదా కలిపి వేగనిస్తే చారు చిక్కబడుతుంది.

గరిటెడు నీళ్లకు బదులు ఫ్రెంచివారు తెల్ల వైన్ పోస్తారు. వైన్ ఇంట్లో అచ్చిరానివారు చివర్లో కొన్ని చుక్కల నిమ్మరసమో ద్రాక్ష వెనిగరో వేసుకోవచ్చు. తీపిని సర్దే పులుపు ఉంటే సరి.

పూర్వపక్షము, సమాధానము

ఇక్కడ మా మేనత్త ఆక్షేపిస్తుంది: "ఉల్లిపాయ పులుసుకి ఇంత శాస్త్రం ఎందుకురా? యానాంలో 1954 దాకా ఫ్రెంచివాళ్లే ఏలారు. మా ఊరికి కూతవేటు దూరం. మా పులుసు మానేసి వాళ్ల చారు తాగినవాణ్ణి ఒక్కణ్ణి చూపించు."

"పులుసుకి ప్రాణం చింతపండత్తా. ఇందులో ఉల్లే ప్రాణం, ఉల్లే శరీరం."

"అయితే నా పులుసులో ఉల్లి లెక్కలోకి రాదా?"

ఈ ఆక్షేపానికి సమాధానం భాష్యకారులెవరూ చెప్పలేదు. ముందుకు పోదాం.

ఐతిహ్యము

ఈ చారు రాజుగారి వంటకమని ఒక కథ. పదిహేనో లూయీకి మామగారూ లొరేన్ ప్రాంతపు డ్యూకూ అయిన స్తానిస్లాస్ దారిలో ఒక సత్రంలో దీన్ని తాగి, వంటింట్లోకి దిగి తయారీ అడిగి నేర్చుకున్నాడంటారు. మామగార్లు వంటిల్లు చూడటం నమ్మదగినదే గాని, కథకు అంతకుమించి బలం లేదు.

బలమున్న సంగతి లేఅల్. పారిస్ నడిబొడ్డున ఉన్న టోకు అంగడి అది. ఎమీల్ జోలా దాని చుట్టూ ఒక నవలే అల్లి, 1873లో "పారిస్ ఉదరం" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. మన పద్యంలోని "కడుపు" ఆ నవలను స్మరిస్తుందని చెప్పాలని టీకాకారుడికి నోరూరుతోంది గాని, ఆధారం లేదు. తెల్లవారుజామున బస్తాలు మోసి అలసిన కూలీలూ, నాటకశాలల నుంచి ఇల్లు చేరబుద్ధి పుట్టని షోకిలాలూ ఒకే బల్లల దగ్గర ఈ చారు తాగేవారు. ఒకరికి చలి, మరొకరికి తలనొప్పి. 1969లో అంగడి ఊరి వెలుపలి రన్‌జిస్‌కు తరలిపోయింది. చారు మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది.

పాక నిర్ణయము

ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని మన ఆలంకారికులు పాకాలు చెప్పారు. ఇది నిస్సంశయంగా నారికేళపాకం. పైన చీజ్ గట్టిపడి పెంకు కడుతుంది, చెంచాతో పగలగొడితేగాని రసం అందదు. లోపల ఆవిరి బంధించి ఉంటుంది కనుక తొందరపడ్డ రసికుడి అంగిలి బొబ్బలెక్కుతుంది.

"సరిజున్ను" అన్నచోట కవి తెలివిగా తప్పుకున్నాడు. గేదె ఈనిన నాటి జున్ను కాదని చెబితే చాలదు, ఏది సరి? గ్రుయేర్ అని స్విస్సువారిని తలుచుకుంటారు, కొంతే అని జ్యూరా కొండలవాళ్లు రొమ్ము చరుస్తారు, మామూలు ఫ్రెంచి ఇళ్లలో తురిమిన ఎమ్మెంతాల్ పొట్లం విప్పుతారు. మన దుకాణాల్లో ప్రాసెస్డ్ చీజ్ కరుగుతుంది గాని తీగసాగదు. మొజరెల్లా తీగసాగుతుంది గాని రుచి చప్పన. మొజరెల్లా సగం, గౌడానో పాతబడ్డ చెడ్డరో సగం కలిపితే గండం గడుస్తుంది. ఓవెన్ లేనివారు రొట్టెముక్కను పెనం మీద చీజ్‌తో పాటు మూతపెట్టి కరిగించి, తెచ్చి చారు మీద తేల్చుకోవచ్చు. పెంకు కట్టదు, కడుపు నిండుతుంది.

అధికారి నిరూపణము

కార్తీకమాసంలో ఉల్లి మానేవారు ఈ గ్రంథానికి అధికారులు కారు. చంటిపిల్ల ఏడుస్తుండగా, కుక్కర్ మూడో కూతకు చేరుతుండగా మొదలుపెట్టినవారూ కారు. ఆదివారం మధ్యాహ్నం పని లేనివాడు ఉత్తమాధికారి.

పానీయ ఖండము

కడుపు "నింపు" అన్నాడు గనుక పానీయం కూడా సూచితమే. నైరుతి ఫ్రాన్సు పల్లెల్లో పెద్దవారికి ఒక అలవాటు ఉంది, దాన్ని "షబ్రో" అంటారు. గిన్నెలో చారు అడుగంటగానే కాస్త ఎర్ర వైన్ అందులోనే ఒంపి, తిప్పి, గిన్నె రెండు చేతులా ఎత్తి తాగేస్తారు. చెంచా అక్కర్లేదు. పొడుగు టోపీలకు జడిసేవారు ఈ ఒక్కటి తలుచుకుంటే చాలు, జడుపు వదులుతుంది.

దిజోన్ పట్టణానికి 1945 నుంచి 1968లో కన్నుమూసేదాకా మేయరుగా ఉన్న ఫెలిక్స్ కిర్ చర్చి ఫాదరు. పురభవనానికి వచ్చిన అతిథులకు నల్ల కసిస్ పళ్ల మద్యం కాస్త అడుగున పోసి, మీద ఆ ప్రాంతపు తెల్ల వైన్ నింపి ఇచ్చేవాడు. పానీయం ముందునుంచీ ఉన్నదే; ఆయన పోసి పోసి దానికి తన పేరు పట్టించాడు.

మద్యం ముట్టనివారికి సిత్రోఁ ప్రెస్సే. పారిస్ హోటళ్లలో అడిగితే గ్లాసులో నిమ్మరసం, కూజాలో చల్లటి నీళ్లు, విడిగా పంచదార తెచ్చి బల్లమీద పెట్టి పోతారు. కలుపుకోవడం మన వంతు, డబ్బులివ్వడమూ మన వంతే. చల్లటి నీళ్లలో పంచదార తొందరగా కరగదు గనుక చెంచా గలగలలాడిస్తూ చాలాసేపు కూర్చోవచ్చు. బిల్లు బహుశా అందుకే.

కృత్యాంతము

మూలంలో లేనిది రాయనని కోలాచల మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. గిన్నె అంచున మాడి అతుక్కున్న చీజ్ ఎవరు గీకాలో మూలంలో లేదు.