చార్మినార్ గుమ్మంలో ఒక్క అక్షరం

నన్ను చేతిలోకి తీసుకున్న వాళ్లంతా ముందు చార్మినార్‌నే చూస్తారు. నాలుగు మినార్లూ పొందికగా అచ్చు పడ్డాయి కాబట్టి చూపు అక్కడే ఆగిపోతుంది. నడిమి కమాను కింద, గుమ్మంలో నిలబడిన మనిషిలాగా ఒక చిన్న అక్షరం ఉంటుంది. దాన్ని గమనించేవాళ్లు తక్కువ. నా ప్రాణమంతా ఆ అక్షరంలోనే ఉంది. అది 'ఐన్'. ఉర్దూలో ఉస్మాన్ అనే పేరుకు మొదటి అక్షరం.

నేను హైదరాబాదు వెండి రూపాయిని. సర్కారు నన్ను ఉస్మానియా సిక్కా అంది, బజారు హాలీ రూపాయి అంది. ఇంగ్లీషువాళ్ల రూపాయిని కల్దార్ అనేవారు. ఏడు హాలీలు పెడితే ఆరు కల్దార్లు వచ్చేవి. సైఫాబాద్ టంకశాలలో హిజ్రీ 1330లో పుట్టాను. మీ లెక్కలో 1912. నా బరువు 11 గ్రాముల పైచిలుకు. వెనకవైపు 'ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అని ఊరి పేరు, రాజు గద్దెనెక్కి ఎన్నో ఏడో చెప్పే అంకె ఉంటాయి. నా మీద ఆ అంకె 1.

నాకు కొద్ది నెలల ముందు అదే టంకశాలలో పుట్టిన అన్నలకు గుమ్మంలో 'మీమ్' ఉండేది. అది అప్పటి నిజాం మహబూబ్ అలీఖాన్ అక్షరం. 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో ఆయన కన్నుమూశాడు. అచ్చు కొత్తగా చెక్కారు. చార్మినార్ అదే, 'నిజాముల్ముల్క్ ఆసఫ్‌జా' అనే బిరుదూ అదే. గుమ్మంలో అక్షరం ఒక్కటే మారింది. ముస్లిం రాజ్యాల్లో రాజరికానికి గుర్తులు రెండని పాతకాలం నుంచీ చెబుతారు. ఒకటి శుక్రవారం మసీదులో చదివే ఖుత్బాలో పేరు, రెండోది సిక్కా మీద పేరు. ఖుత్బా గాలిలో కలిసిపోతుంది. సిక్కా మాత్రం చేతులు మారుతూ, సంతలు తిరుగుతూ, ఏలేది ఎవరో చెబుతూనే ఉంటుంది.

పుట్టిన కొత్తలోనే నేను దర్బారు చూశాను. కొలువుకు వచ్చినవాళ్లు నిజాంకు నజర్ ఇచ్చేవారు. ఒక బంగారు అష్రఫీ, నాలుగు వెండి రూపాయలు. ఆ నాలుగింటిలో నేనొకణ్ణి. చౌమహల్లా ఖిల్వత్‌లో, బిలోరీ షాండ్లియర్ల కింద, పాలరాతి అరుగు ముందు ఒక జాగీర్దారు చేతుల మీద నన్ను పట్టుకొని వంగాడు. గద్దె మీద ఉన్నది పాతికేళ్ల యువకుడు. వంగినవాడి చేతులు సన్నగా వణకడం నాకు తెలిసింది. ఫలానావాడు రాజని అందరూ వరసగా వచ్చి చేతులారా ఒప్పుకోవడమే నజర్. గద్దె ఎవరికి చెందాలో చెప్పే కాగితం ఆ రోజు అక్కడ ఎవరూ చదవలేదు. అలాంటి కాగితం ఆ వంశానికి లేనే లేదు.

ఈ సంగతి నాకు అర్థమైంది దర్బారులో కాదు, పల్లెలో. ఖజానా నుంచి జీతంలో కలిసి, జీతం నుంచి సంతకు వెళ్లి, ఎడ్ల బేరంలో చేతులు మారి, చివరికి ఓ రైతు ఇంటి సందుగలో పడ్డాను. చీకట్లో పసుపు వాసన, పాత చీరల వాసన. అక్కడ నాకంటే ముందే ఒక ముసలి రూపాయి ఉంది. దాని మీద చార్మినార్ లేదు. ఢిల్లీ పాదుషా అక్బర్ షా పేరు ఉంది. ఒక మూలన, వెతికితే తప్ప కనిపించకుండా, 'నూన్' అనే అక్షరం. అది అప్పటి నిజాం నాసిరుద్దౌలా గుర్తు. నా గుమ్మం నిండా నిలబడిన రాజు, ఆ రూపాయి మీద పరాయి ఇంట్లో అద్దెకున్నవాడిలా మూలన ఒదిగి ఉన్నాడు. ఎందుకలా అని అడిగాను. ఆ ముసలి రూపాయి చెప్పిందే ఇక్కడ చెబుతున్నాను.

మొదటి ఆసఫ్‌జా దక్కనుకు వచ్చింది రాజుగా కాదు, మొగల్ పాదుషా పంపిన సుబేదారుగా. 1724లో షకర్‌ఖేడా దగ్గర ముబారిజ్‌ఖాన్‌ను ఓడించాక ఆయన మాటే దక్కనంతా చెల్లింది. అయినా హోదా హోదాయే. సుబేదారీ అంటే కొలువు. పొలానికి వారసుడుంటాడు, కొలువుకు ఉండడు. కొలువు ఫర్మానాతో వస్తుంది, ఫర్మానాతో పోతుంది.

ఇస్లాం ధర్మశాస్త్రం ఆస్తి పంపకాన్ని ఎంతో వివరంగా చెప్పింది. కొడుకుకు రెండు పాళ్లయితే కూతురికి ఒక పాలు. పిల్లలున్నవాడు చనిపోతే భార్యకు ఎనిమిదో వంతు. కొడుకు బతికుండగా మనవడికి వాటా రాదు. కానీ గద్దెను పాళ్లు వేయలేం. పెద్దకొడుకుకే గద్దె అనే సూత్రం అందులో లేదు. అందుకే ఒక్కో రాజ్యం ఒక్కో కట్టుబాటు పెట్టుకుంది. ఉస్మానీ తుర్కులు ఒకప్పుడు అన్నదమ్ములను చంపించి గద్దె నిలుపుకున్నారు. 1617 నుంచి మెల్లగా వంశంలో వయసులో పెద్దవాడికే అనే ఆచారానికి వచ్చారు. దక్కనులో అలాంటి ఆచారం స్థిరపడకముందే మొదటి ఆసఫ్‌జా 1748లో బుర్హాన్‌పూర్‌లో చనిపోయాడు.

ఆ తర్వాతి 14 ఏళ్ల గురించి చెప్పేటప్పుడు ముసలి రూపాయి గొంతు తగ్గించేది. పెద్దకొడుకు గాజీయుద్దీన్ ఢిల్లీలో ఉన్నాడు. దగ్గరున్న రెండోవాడు నాసిర్‌జంగ్ గద్దెనెక్కాడు. ఒకప్పుడు తండ్రి మీదే తిరగబడినవాడు ఆయన. మొదటి ఆసఫ్‌జా కూతురి కొడుకు ముజఫర్‌జంగ్, పాదుషా ఫర్మానా తన పేర ఉందంటూ బయలుదేరాడు. అతని వెనక పాండిచ్చేరి నుంచి ఫ్రెంచి గవర్నర్ డూప్లే నిలబడ్డాడు. 1750 డిసెంబరులో జింజి దగ్గర నాసిర్‌జంగ్ తన వెంట వచ్చిన పఠాన్ నవాబుల చేతుల్లోనే చనిపోయాడు. ముజఫర్‌జంగ్ నిజామయ్యాడు. రెండు నెలలు. 1751 ఫిబ్రవరిలో రాయచోటి దగ్గర అదే నవాబులు తిరగబడ్డారు. ఈటె దెబ్బకు అతనూ పోయాడు. రాయలసీమ రాళ్ల మధ్య, రాజు లేని దండు నిలబడిపోయింది.

అప్పుడు ఫ్రెంచి సేనాని బుస్సీ ఏం చేశాడో చూడండి. చనిపోయినవాడికి కొడుకున్నాడు, కానీ పసివాడు. ఆ పసివాణ్ణి పక్కనపెట్టి, దండులోనే నిర్బంధంలో ఉన్న మొదటి నిజాం కొడుకు సలాబత్‌జంగ్‌ను బయటికి తెచ్చి నిజాం అన్నాడు. ఖైదీ రాజయ్యాడు. గాజీయుద్దీన్ తన హక్కు కోసం ఢిల్లీ నుంచి ఔరంగాబాదు దాకా వచ్చి 1752లో అక్కడే చనిపోయాడు. విషం పెట్టారని చరిత్రకారులు రాశారు. మరుసటి ఏడు సలాబత్‌జంగ్ ఫ్రెంచి సైన్యం జీతాల కోసం ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కార్లను బుస్సీకి రాసిచ్చాడు. గోదావరి, కృష్ణా పంటపొలాలు, అక్కడి వేలాది ఊళ్లు, ఒక ఇంటి వారసత్వ తగాదాకు జమకట్టబడ్డాయి. తర్వాత అవి ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లాయి, మళ్లీ నిజాంకు చేరలేదు. కోస్తావాళ్లూ తెలంగాణవాళ్లూ రెండు పాలనల కింద ఎందుకు పెరిగారని ఎవరడిగినా నాకు ఆ రాయచోటి దండే గుర్తొస్తుంది.

1762లో నిజాం అలీ అన్న సలాబత్‌జంగ్‌ను దించి బీదరు కోటలో పెట్టాడు. మరుసటి ఏడు సలాబత్‌జంగ్ అక్కడే చనిపోయాడు. ఆ వంశం లెక్కలో నిజాం అలీ రెండో ఆసఫ్‌జా. మధ్యలో గద్దెనెక్కిన ముగ్గురికీ అంకె లేదు, పాదుషా నుంచి ఆసఫ్‌జా అనే బిరుదు వాళ్లకు రాలేదు కాబట్టి. నా గుమ్మంలో ఉన్నవాణ్ణి ఏడో నిజాం అంటారు. కూర్చున్నవాళ్లను లెక్కపెడితే ఆయన పదోవాడు. నాకు చాలాకాలం నిద్ర పట్టనివ్వని లెక్క అది. ముగ్గురు మనుషులు బతికారు, ఏలారు, చంపబడ్డారు. తర్వాత అంకెల్లోంచి జారిపోయారు.

ఆ తర్వాత గద్దె తండ్రి నుంచి కొడుకుకు నెమ్మదిగా సాగింది. ఫర్మానా మర్యాదకు మిగిలింది, అసలు ఒప్పుకోలు ఇంగ్లీషు రెసిడెంటుది అయింది. 1857లో ఢిల్లీ కూలింది. ఆ వెంటనే సిక్కా మీంచి పాదుషా పేరు పోయి ఆసఫ్‌జా పేరు వచ్చింది. సొంత పేరు అచ్చయిన నాటికి సొంత నిర్ణయం చేతిలో లేదు. 1862లో ఇంగ్లీషు ప్రభుత్వం సనదు ఇచ్చింది. కన్నబిడ్డలు లేకపోతే ముస్లిం ధర్మశాస్త్రం ఒప్పే వారసుణ్ణి తామూ ఒప్పుకుంటామని దాని సారాంశం. ఒప్పుకునే చెయ్యి ఎవరిదో ఆ సనదే చెప్పింది.

1869లో నిజాం అఫ్జలుద్దౌలా పోయేనాటికి కొడుకు మహబూబ్‌కు రెండున్నరేళ్లు. 1751లో పసివాడని పక్కనపెట్టిన చోటే ఇప్పుడు పసివాణ్ణి కూర్చోబెట్టారు. నాకు ఈ తేడా చాలా పెద్దదనిపిస్తుంది. అప్పుడు గద్దె అంటే దండును నడిపే మనిషి. ఇప్పుడు దివాను సాలార్‌జంగ్ కట్టిన దఫ్తర్లున్నాయి, తాలూకాలున్నాయి, లెక్కలున్నాయి. బిడ్డ నిద్రపోతున్నా రాజ్యం నడుస్తుంది. ఆ దర్బారులోనే రెసిడెంటు బూట్లు విప్పకుండా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అంతకుముందు రెసిడెంట్లు బూట్లు విడిచి కింద కూర్చునేవారు. మహబూబ్‌కు అధికారాలు అప్పగించడానికి 1884లో వైస్రాయ్ రిప్పన్ స్వయంగా వచ్చాడు.

సందుగలో ముసలి రూపాయీ నేనూ ఇవన్నీ చెప్పుకుంటూ ఉండగానే బయట కాలం నడిచింది. 1948 సెప్టెంబరు వచ్చింది, నిజాం రాజ్యం ఇండియాలో కలిసింది. 1959లో హాలీ చెల్లదన్నారు. మా ఇంటివాళ్లు నన్ను కరిగించలేదు. ఇంటి పెద్ద ఉర్దూ మీడియంలో చదివినవాడు. పండక్కి పండక్కి నన్ను తీసి చింతపండుతో తోమి మళ్లీ గుడ్డలో చుట్టేవాడు.

1967 ఫిబ్రవరి 24న నిజాం పోయాడు. ఆ సాయంత్రం రేడియో దగ్గర అందరూ కూర్చున్నారు. తాత నన్ను తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. మనవడు వంగి చూశాడు.

"తాతా, గీ గుమ్మంల గీత ఏంది?"

"గీత కాదు బిడ్డా, అచ్చరం. ఐన్ అంటరు. ఉస్మాన్ అలీఖాన్ పేర్ల మొదటచ్చరం."

"మరి ఇగ ఆయన కొడుకు కూసుంటడా?"

"కొడుకు కాదంట. మన్మడంట."

"కొడుకులు లేరా?"

"ఉన్నరు." తాత కాసేపు ఏమీ అనలేదు. "మా నాయన భూమి మేం అన్నదమ్ములం పంచుకున్నం. మీ మేనత్తలకు మాత్రం ఏమియ్యలె. వాండ్లకు గద్దె పంచుడు లేదు, మనకు ఆడివిల్లకిచ్చుడు లేదు."

"ఎవలు చెప్తరు తాతా, ఈయనే రాజని?"

"మునుపు ఢిల్లీ చెప్పింది. ఎన్క దొరలు చెప్పిన్రు. ఇప్పుడు మల్ల ఢిల్లీ చెప్తది." నన్ను బొటనవేలితో రుద్దుతూ అన్నాడు. "మమ్ముల ఎవ్వలు అడిగిన్రు బిడ్డా, ఏనాడన్న."

నాకు వెండి అంతా చల్లబడినట్టయింది. అంతకాలం నేను గుమ్మంలో ఎవరు నిలబడ్డారనే చూసుకున్నాను. గుమ్మం బయట నిలబడినవాళ్లు నన్ను పట్టుకున్న ఈ చేతులవాళ్లే. వెట్టి చేసినవి ఈ చేతులే.

తాత చెప్పింది నిజమే. ఉస్మాన్ అలీఖాన్ తన కొడుకు ఆజంజాను కాదని మనవడు ముకర్రంజాను ఎంచుకున్నాడు. ఆజంజా 1931లో చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ కూతురు దుర్రె షెవార్‌ను ఫ్రాన్సులోని నీస్ నగరంలో పెళ్లాడాడు. ముకర్రం పుట్టింది అక్కడే, 1933లో. ఆసఫ్‌జాహీల మనవడు, ఉస్మానీల మనవడు, రెండు గద్దెల రక్తం ఒక్కడిలో కలిసింది. ఆస్తి లెక్కలో తండ్రి ఉండగా ఆయనకు వాటా లేదు, గద్దె లెక్కలో తండ్రిని దాటి ఆయనే. 1967 ఏప్రిల్ 6న చౌమహల్లాలో, నేను నజర్‌గా వెళ్లిన అదే పాలరాతి అరుగు మీద ఆయన కూర్చున్నాడు. రాజ్యాంగం 366వ అధికరణం ప్రకారం భారత ప్రభుత్వం గుర్తిస్తేనే పాలకుడనే హోదా ఉండేది. 1971లో 26వ సవరణ ఆ గుర్తింపునూ రాజభరణాలనూ రద్దు చేసింది. నాలుగేళ్ల హోదా అది.

పంపకాల సంగతి మాత్రం ముగియలేదు. 1948లో నిజాం సర్కారు నుంచి లండన్ బ్యాంకుకు చేరిన 10 లక్షల పౌండ్లు వడ్డీలతో మూడున్నర కోట్లయ్యాయి. 2019లో అక్కడి హైకోర్టు ఆ డబ్బు పాకిస్తాన్‌ది కాదు, భారత ప్రభుత్వానికీ ఇద్దరు మనవళ్లకూ చెందుతుందని తీర్పు చెప్పింది. మాకూ వాటా రావాలని మిగతా వారసులు వచ్చారు. డబ్బు కాబట్టి అడగగలిగారు. నేను కూడా డబ్బునే. ఒక వైపు నుంచి చూస్తే నన్ను పంచుకోవచ్చు, గుమ్మం వైపు నుంచి చూస్తే పంచుకోలేరు.

2023 జనవరిలో ముకర్రంజా ఇస్తాంబుల్‌లో కన్నుమూశాడు. ఆయన్ని తెచ్చి మక్కా మసీదు ఆవరణలో పూర్వీకుల సమాధుల దగ్గర ఖననం చేశారు. కొద్ది రోజులకే ఆయన పెద్దకొడుకును తొమ్మిదో నిజాంగా ప్రకటించారు. ఆ ఏడే వంశంలోని మరో శాఖవాళ్లు ఇంకొకరిని తొమ్మిదో నిజాం అన్నారు. తీర్చడానికి ఫర్మానా లేదు, రెసిడెంటు లేడు, ఢిల్లీకి అక్కర లేదు.

ముకర్రంజా పోయినప్పుడు పేపర్లో ఫోటో చూసి తాత మనవడు, ఇప్పుడు తనే తాత, సందుగ తెరిచి నన్ను బయటికి తీశాడు. పక్కన మనవరాలు. ఆయనకు ఉర్దూ రాదు, తాత నేర్పిన ఆ ఒక్క అక్షరం తప్ప. ముకర్రంజా అసలు పేరు మీర్ బర్కత్ అలీఖాన్. అచ్చు చెక్కి ఉంటే నా తమ్ముళ్ల గుమ్మంలో 'బే' ఉండేదో, 'మీమ్' మళ్లీ వచ్చేదో. టంకశాలలో ఎవరూ అడగాల్సిన పని పడలేదు. నా మీద ఐన్ అరిగింది. ఆ పిల్ల వేలి గోరుతో గుమ్మంలో తడిమి, "ఇక్కడేం లేదు కదా తాతా" అంది.

"ఉన్నది చూడు" అని ఆయన నన్ను వెలుతురు వైపు తిప్పాడు.