హోస్ రీల్ పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఆడమ్స్‌టౌన్‌లో ప్రెషర్ వాషింగ్ పని మొదలుపెట్టి, వాన్‌లో బిగించుకోవడానికి తనంతట తానే చుట్టుకునే హోస్ రీల్ కోసం వెతుకుతున్న తెలుగు సోదరుణ్ణి ఉద్దేశించి చెప్పిన ఆటవెలది ఇది. కవి, టీకాకారుడు ఒక్కరే కనుక కవిహృదయం గురించి తగవు లేదు. మెతుకుసీమ మల్లినాథసూరి ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని మాట ఇచ్చి వ్యాఖ్యానాలు రాశాడు. మొదటి మాట మనమూ నిలబెట్టుకుందాం. రెండోదానికి హామీ ఇవ్వలేను.

మూలం:

గొట్ట మెంత పొడవొ కొలువుము ముందుగ
నొత్తిడెంత యనుచు నొజ్జ నడుగు
తనకుఁ దానె చుట్టు దాని వేడుక కీవు
మోసపోకు మయ్య మోము జూచి

దేశకాలాలు: డబ్లిన్‌కు పడమర, లూకన్‌ను ఆనుకుని, 2001లో స్ట్రాటజిక్ డెవలప్‌మెంట్ జోన్‌గా ప్రకటించి, 2003 నాటి ప్రణాళికతో కట్టుకుంటూ వచ్చిన కొత్త ఊరు ఆడమ్స్‌టౌన్. రైల్వే స్టేషన్ 2007లో వచ్చింది. ఐర్లండ్‌లో వాకిళ్లకు పరిచే ఇటుకలను కాబుల్ లాక్ అంటారు. ఏడాది మొత్తం లెక్కేస్తే డబ్లిన్ వాన హైదరాబాద్ వానకన్నా ఎక్కువేమీ కాదు. కాకపోతే మనది కురిసి వెళ్లిపోతుంది, అక్కడిది ఇల్లరికపుటల్లుడిలా ఉండిపోతుంది. అందుకే ఇటుకల సందుల్లో నాచు, అందుకే ఈ వృత్తి. అంత తడిసే ఊళ్లోనూ 2018 వేసవిలో హోస్‌పైపు వాడొద్దని ఆంక్ష పెట్టారు. ఇది అక్కరలేని సంగతే, ముందే చెప్పాను.

టీక: ‘గొట్టము’ అనగా హైప్రెషర్ హోస్. ‘ఎంత పొడవొ’ అనగా రోడ్డు మీద నిలిపిన వాన్ నుంచి, గోడ మూలలు తిరిగి, కడగాల్సిన చివరి ఇటుక దాకా. వరస ఇళ్లలో వెనక పేషియోకి పోవాలంటే వరస చివరి దాకా వెళ్లి చుట్టి రావాల్సిన చోట్లున్నాయి కనుక కంటితో అంచనా వేసిన కొలత చెల్లదు. స్ప్రింగ్‌తో నడిచే హైప్రెషర్ రీళ్లు మామూలుగా 15, 20 మీటర్ల దగ్గర ఆగిపోతాయి. అంతకు మించిన గొట్టం బరువును లాక్కోవాలంటే స్ప్రింగ్ బాగా పెద్దది కావాలి.

పొడవు చెప్పినప్పుడు లోపలి వ్యాసాన్ని కూడా ఉపలక్షణంగా గ్రహించాలి. నీళ్లు గొట్టంలో ఒరుసుకుంటూ పోవడం వల్ల కలిగే ఒత్తిడి నష్టం, వ్యాసం తగ్గేకొద్దీ దాదాపు అయిదో ఘాతంలో పెరుగుతుంది. నిమిషానికి 15 లీటర్లు పారే యంత్రానికి 30 మీటర్ల గొట్టం తగిలిస్తే, లోపలి వ్యాసం 6 మిల్లీమీటర్లయినప్పుడు సుమారు 40 బార్లు దారిలోనే పోతాయి. 8 అయితే పదీ పదకొండు, 10 అయితే నాలుగు లోపే. సన్న గొట్టం రీల్‌లో ఒద్దికగా ఇముడుతుంది, అమ్మేవాడికీ అదే సులువు. కొనేవాడు మాత్రం పెద్ద యంత్రానికి డబ్బు పోసి చిన్న యంత్రం పని చేయించుకుంటాడు.

‘ఒత్తిడెంత’: ఇక్కడొక పూర్వపక్షం. రీల్ ఉన్నది చుట్టడానికే కదా, దానికి ఒత్తిడితో పనేమిటి? సమాధానం: నీళ్లు రీల్ ఇరుసు గుండానే గొట్టంలోకి వెళ్తాయి. తిరిగే ఇరుసునూ తిరగని పైపునూ కలిపే కీలు స్వివెల్, దాని లోపల రబ్బరు సీళ్లు. తోటకు నీళ్లు పెట్టే రీల్ కుళాయి తాలూకు కొద్ది బార్ల కోసం చేసింది. వృత్తి యంత్రం సుమారు 200 బార్లు ఇస్తుంది. ‘ఒజ్జ’ అంటే దుకాణదారు కాడు, యంత్రం మీద కొట్టిన పలక. దాని మీది గరిష్ఠ ఒత్తిడి రీల్‌కూ స్వివెల్‌కూ గొట్టానికీ విడివిడిగా సరిపోవాలి. మూడింటిలో బలహీనమైనదే అసలు లెక్క. పగిలే ఒత్తిడిని పెద్ద అక్షరాల్లో వేసి అమ్మేవారున్నారు, పనిచేసే ఒత్తిడినే చూడాలి. వేడినీటి యంత్రమైతే సీళ్లు ఎంత వేడికి తట్టుకుంటాయో కూడా అడగాలి.

స్వివెల్ దగ్గర సన్నగా నీరు చిమ్ముతుంటే వేలు పెట్టి చూడకూడదు. ఆ ధార చర్మం కిందికి దూసుకుపోతుంది. పైకి సూదిపోటంత గాయమే కనిపించినా వెంటనే ఆసుపత్రికి పోవాల్సిందే. ఇందులో హాస్యం లేదు.

‘వేడుక’: గొట్టం లాగుతుంటే రాచెట్ టకటకమంటుంది, ఆపిన చోట పంటికి చిక్కి నిలుస్తుంది. ఇంకాస్త లాగి వదిలితే చుట్టుకుంటుంది. చూడ ముచ్చటే. కానీ చేయి వదిలేస్తే చివరనున్న ఇత్తడి కప్లింగ్ వాన్ తలుపుకో మోకాలికో తగులుతుంది. ముందు యంత్రం ఆపి, ట్రిగ్గర్ నొక్కి లోపలి ఒత్తిడి తీసేయాలి. బిర్రుగా ఉన్న గొట్టం సరిగా చుట్టుకోదు. తర్వాత గుడ్డతో గొట్టం పట్టుకుని, ఇసుక తుడుస్తూ, దానితో పాటు నడిచి రావాలి. అంటే ‘తనకుఁ దానె’ అన్నది అతిశయోక్తి అలంకారం.

‘మోము’ అనగా నిగనిగలాడే పైతొడుగు. దాన్ని విప్పి స్ప్రింగ్ చూడాలన్న కుతూహలం వద్దు. బిగిసి ఉన్న స్ప్రింగ్ చేతులు విరగ్గొడుతుంది. నాచు మందుగా హైపోక్లోరైట్ వాడేవారు ఆ నిగనిగను నమ్మి దాన్ని ఈ రీల్ గుండా పంపకూడదు, వేరే పంపు పెట్టుకోవాలి. స్టెయిన్‌లెస్ స్టీలు కూడా దానికి లొంగుతుంది.

పాఠాంతరం: ‘తనకుఁ దానె చుట్టు’ అన్నచోట ‘చేతితోడఁ జుట్టు’ అని మరో పాఠం. యతి చెడుతుంది గాని పని చెడదు. హ్యాండిల్ తిప్పే రీల్‌కు 30 మీటర్లు లెక్క కాదు, విరగడానికి స్ప్రింగూ లేదు.

తాత్పర్యం: కొలత 20 మీటర్ల లోపై, రోజుకు నాలుగైదు వాకిళ్లు కడిగేవాడైతే, యంత్రం ఒత్తిడికి తగ్గ స్ప్రింగ్ రీల్ కొనవచ్చు; విడి సీళ్లు దొరికే స్వివెల్, కనీసం 8 మిల్లీమీటర్ల గొట్టం ఉండాలి. వెనక పేషియోల పని ఎక్కువైతే పాఠాంతరమే గ్రాహ్యం.