నా ఓటు విజన్ 2047

2024 డిసెంబర్ 13న బెజవాడలో ముఖ్యమంత్రి చంద్రబాబు స్వర్ణాంధ్ర 2047 పత్రం ఆవిష్కరించడం చూశాక నాకూ జ్ఞానోదయమైంది. రాత్రికి రాత్రే కూర్చుని నా ఓటుకో దార్శనిక పత్రం రాసేశాను. సారాంశం ఇదీ: ఓటు వేస్తాను. తప్పకుండా వేస్తాను. 2047లో వేస్తాను.

ఈలోగా 2029లో ఎన్నికలొస్తాయంటారా? రానివ్వండి. తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని బూత్‌కి వస్తాను. కొబ్బరికాయ కొట్టి నా ఓటుకు శంకుస్థాపన చేస్తాను. వేలికి సిరా పూయించుకుంటాను, ఫొటో దిగుతాను. మీట మాత్రం నొక్కను. అది రెండో దశ. దానికి డీపీఆర్ రావాలి, టెండర్లు పిలవాలి, అంచనాలు సవరించాలి. 2034లో ఇంకో పార్టీ వచ్చి అడిగితే పాత శిలాఫలకం పక్కనే కొత్తది పాతుతాను.

‘మరి నా ఓటో?’ అంది మా ఆవిడ.

‘నీది పీపీపీలో పెట్టాను.’

‘అంటే?’

‘వేసేది నువ్వు, పేరు నాది.’

ఎవరైనా అభ్యర్థి గుమ్మంలోకొచ్చి ఓటేదయ్యా అంటే పవర్‌పాయింట్ చూపిస్తాను. 2047 నాటికి మన తలసరి ఆదాయం 42 వేల డాలర్లట. రూపాయల్లో చెబితే జనం వేళ్ల మీద లెక్కేసుకుంటారని కాబోలు డాలర్లలో చెప్పారు. నేనూ అంతే, నా ఒక్క ఓటుని 42 వేల ఓట్లుగా చూపిస్తాను. పత్రంలోనే కదా, పోయేదేముంది?

పాపం, చంద్రబాబుకి మొదట్లో తేదీలు పెట్టడం సరిగ్గా రాలేదు. 1999లో విజన్ 2020 అన్నారు. ఇరవై ఏళ్లంటే బతికుండి అడిగేవాళ్లు చాలామందే మిగులుతారు. జనం అంతదాకా కూడా ఆగలేదు, 2004లో 294కి 47 సీట్లిచ్చి పంపారు. (ఆ 47నే ఇప్పుడు ఇరవై పక్కన తగిలించుకున్నారేమో!) రాష్ట్రం విడిపోయాక 2022కి దేశంలో మొదటి మూడింట్లో ఒకటి, 2029కి దేశంలో ఫస్టు, 2050కి ప్రపంచంలోనే ఫస్టు అన్నారు. ఇప్పుడు 2047. మూడేళ్లు ముందుకు జరిగామంటే పురోగతే.

వెలిగొండ ప్రాజెక్టు దగ్గరికొచ్చేసరికి మాత్రం నాకు నవ్వు రావడం లేదు. 1996లో దానికి శంకుస్థాపన చేసింది చంద్రబాబే. పనులు సాగింది వైఎస్ హయాంలో. 2024 మార్చిలో, ఓట్ల ముందు, అప్పటి ముఖ్యమంత్రి జగన్ జంట సొరంగాలను ప్రారంభించేశారు. సొరంగాలొచ్చాయి, నీళ్లు రాలేదు. నల్లమల సాగర్ జలాశయంలో మునిగే ఊళ్లకు పరిహారం పూర్తిగా ఇవ్వందే నీళ్లెలా వదులుతారు? అప్పటికి 28 ఏళ్లుగా కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లే తాగారు. పళ్లు గారకట్టాయి, నడుములు వంగిపోయాయి. సేద్యం లేక హైదరాబాద్ మేస్త్రీల వెంట కూలికి పోయారు. శంకుస్థాపన నాడు పుట్టిన పిల్లలకు పిల్లలు పుట్టారు, వాళ్లకీ అవే బోర్లు. మూడు ప్రభుత్వాలు ఒకే సొరంగం ముందు నిలబడి ఫొటోలు దిగాయి, లోపలికి నీళ్లు రాలేదు. దీన్ని దూరదృష్టి అంటుంటే ఒళ్లు మండిపోతోంది.

పత్రాలు తర్వాత చూద్దాం. ముందు ఆ ఊళ్లవాళ్లకి పరిహారం చెక్కులు రాయండి. తేదీ ఈ నెలది వెయ్యండి. 2047 అని వేస్తే ఏ బ్యాంకూ తీసుకోదు.