జూలు పోయిన వానాకాలం

నేను మార్వాడీ జాతి ఆడగుర్రాన్ని. ఒళ్లంతా తెలుపు, కింది చర్మం గులాబీ రంగు. ఈ రంగును నుక్రా అంటారు. చెవుల మొనలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతాయి. రాజస్థాన్‌లో బలోత్రా దగ్గర తిల్వాడా అనే ఊరుంది. ఏటా చైత్రంలో, ఎండిపోయిన లూణీ నది ఇసుకలో, మల్లీనాథుడి పేర అక్కడ పెద్ద పశువుల సంత జరుగుతుంది. నన్ను అమ్మింది ఆ సంతలోనే. కొన్నాయన రాయ్‌పూర్‌లో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను అద్దెకిస్తాడు. ఆయన తాత విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాడు. 1931లో పార్వతీపురం నుంచి రాయ్‌పూర్ దాకా పట్టాలు పడ్డాయి. ఆ దారి వెంట వచ్చిన తెలుగువాళ్లు ఈ నగరంలో చాలామందే. అందుకే నా సాలలో వినపడేది తెలుగు, గేటు దాటితే ఛత్తీస్‌గఢీ.

నేను పుట్టిన మార్వాడ్‌లో ఏడాదంతా కలిపి 30 సెంటీమీటర్ల వాన పడితే గొప్ప. రాయ్‌పూర్‌లో 120 దాటుతుంది, అదీ దాదాపు అంతా వానాకాలం నాలుగు నెలల్లోనే. చుట్టూ వరిమళ్లు. ఊళ్లో బూఢా తాలాబ్, తేలీబాంధా, ఇంకా ఎన్నో చెరువులు. మొదటి ఏడు ఆ పచ్చగడ్డి చూసి నా కడుపు నిండిపోయింది. ఒంటికి ఏమీ కాలేదు. జూలుకు ముత్యాలు కట్టి, నుదుట కలికితురాయి పెట్టి, పెళ్లికొడుకును నా వీపున ఎక్కించేవారు. బ్యాండు మేళానికి బెదరని గుర్రమని పేరొచ్చింది.

రెండో వానాకాలంలో దురద మొదలైంది. మొదట తోక మొదట్లో, తర్వాత మెడ మీద జూలు కుదుళ్లలో, ఆపైన పొట్ట కింద. పొద్దు వాలుతుంటే నిలవలేకపోయేదాన్ని. కానుగ చెట్టు మొద్దుకు, గోడ మూలకు, కట్టుగుంజకు రుద్దుకున్నాను. వెంట్రుకలు విరిగాయి, చర్మం మందమెక్కి మడతలు పడింది, నెత్తురు కారింది. ఆ బాధ చెప్పడానికి నాకు నోరు లేదు. రుద్దుకోవడం ఒక్కటే చేతనైంది.

చూసినవాళ్లంతా గజ్జి అన్నారు. ఎవరో చెబితే ఇంజనులోంచి తీసిన పాత నూనె పూశారు. పుండు మీద మంట పెట్టినట్టే. మిగతా గుర్రాలకు అంటుతుందని నన్ను విడదీసి పెరటి చివర, చెరువు గట్టు పక్కన, పేడకుప్ప దగ్గర కట్టేశారు. నన్ను కరుస్తున్నవి పుట్టేది సరిగ్గా ఆ బురదలోనే.

డాక్టరు వచ్చాక గానీ సంగతి తెలియలేదు. ఆయన నా జూలు పాయలు తీసి చూసి, యజమానితో హిందీలో చాలాసేపు మాట్లాడాడు. పక్కనే నిలబడ్డ యజమాని తల్లి ముసలమ్మ కొడుకును అడిగింది: "ఏటంటన్నాడ్రా డాక్టరు బాబు? గజ్జి కాదేటి?"

"గజ్జి కాదమ్మా. ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటదు. నుసుములు కరిస్తే దీని ఒంటికి పడట్లేదు."

ఆ నుసుముల పేరు క్యూలికాయిడిస్. పొడవు మూడు మిల్లీమీటర్లకు మించదు. గుడ్లు పెట్టే ముందు ఆడవి నెత్తురు తాగుతాయి. తెల్లవారేటప్పుడు, సందెవేళ మూగుతాయి. వాటి ఉమ్మిలోని పదార్థాలను కొన్ని గుర్రాల ఒళ్లు శత్రువుగా లెక్కగట్టి అతిగా పోరాడుతుంది; దురద ఆ పోరాటమే. మార్వాడ్‌లో అవి అసలే లేవని కాదు. ఎండిన ఇసుకలో వాటికి చోటు తక్కువ. తడినేలకు వచ్చాక ఒకటి రెండేళ్లు కాట్లు తిన్న తర్వాతే ఒళ్లు ఇలా తిరగబడుతుందట.

ఐస్‌లాండ్ గుర్రాల కథ కూడా చెప్పాడు డాక్టరు. తరతరాలుగా ఈ నుసుములు ఎరగని దీవి అది. అక్కడ పుట్టి పెరిగి ఐరోపాకు వెళ్లిన గుర్రాల్లో, నుసుములు ఎక్కువున్న చోట్ల, సగానికి పైగా ఈ దురద పాలవుతాయి. అదే జాతి పిల్ల ఐరోపాలోనే పుడితే ఆ బెడద చాలా తక్కువ. పైగా ఐస్‌లాండ్ దాటిన గుర్రాన్ని మళ్లీ ఆ గడ్డ మీద అడుగు పెట్టనివ్వరు. సముద్రం అవతలి నా అక్కచెల్లెళ్లను తలచుకుంటే గుండె బరువెక్కింది.

మా పెళ్లి గుర్రాలకు ఇంకో చిక్కుంది. ఈ ప్రాంతంలో తొలి ఏకాదశి నుంచి కార్తికంలో ఉత్థాన ఏకాదశి దాకా పెళ్లి ముహూర్తాలుండవు. ఇంటికి రాబడి లేని ఆ నాలుగు నెలలే నాకు దురద నెలలు. దాణాకే వెతుక్కునే రోజుల్లో మందు ఎక్కడ తెస్తారు? తీరా ముహూర్తాలు మొదలయ్యేసరికి నా మెడ బోడి, తోక చీపురుపుల్లలు. రెండు ఊరేగింపులు నన్ను చూసి తిప్పి పంపేశాయి. అమ్మేస్తారని భయపడ్డాను. కొనేవాళ్లు రాలేదు.

అప్పుడు ముసలమ్మ పట్టుబట్టింది. నన్ను గట్టు మీంచి లోపలికి మార్పించింది. పేడ ఏ రోజుకారోజు ఎత్తించి, నేలకు మొరం పోయించి, నీరు నిలవకుండా కాలువ తీయించింది. నుసుములు గట్టి గాలికి ఎగరలేవు గనుక సందెవేళ ఫ్యాన్ పెట్టించింది. మామూలు దోమతెర కంతల్లోంచి అవి దూరిపోతాయి. ఇంకా సన్నటి వల కట్టించింది. పాత దుప్పట్లు చించి మెడ నుంచి తోక దాకా ముసుగు కుట్టింది. రుద్దుకున్న చోట చల్లగా కడిగి డాక్టరిచ్చిన మందు రాసేది. రోగం పోలేదు. పోదు కూడా, వాన వచ్చిన ప్రతిసారీ తలెత్తుతుంది. కానీ పోయిన కార్తికానికి జూలు జానెడు మిగిలింది, ముత్యాల జాలరు కింద అది చాలింది.

నిరుటి మాఘంలో నేను ఈనాను. ఆడపిల్ల, నాలాగే తెలుపు. ఈ తడిలోనే పుట్టింది కాబట్టి దానికి నా బాధ రాకపోవచ్చని డాక్టరు ఆశపెట్టాడు. తల్లి గుణం కొంత పిల్లకు దిగుతుందని కూడా ఆయనే అన్నాడు. మొదటి వానాకాలం ఒక్క గీత పడకుండా దాటింది. నాకూ మొదటి వానాకాలంలో ఏమీ కాలేదు. అందుకే ముసలమ్మ ఈ ఎండల్లోనే పిల్ల మెడ కొలత తీసి, దానికీ ఒక ముసుగు కుడుతోంది.