పెళ్లి వెబ్‌సైటు తయారుచేయు విధానము

ముందు ఉద్దేశం స్పష్టంగా ఉండాలి. గుంటూరు పక్కన నల్లపాడులో జరిగే పెళ్లికి వెబ్‌సైటు పెట్టేది చుట్టాలు ఫోన్లు చేయకుండా ఉండటానికి. ముహూర్తం ఎప్పుడు, మండపం ఎక్కడ, విడిది ఎవరింట్లో, మాంసం ఏ పూట అనే ప్రశ్నలన్నిటికీ ఒకేచోట జవాబులు రాసిపెడితే అమ్మకూ నాన్నకూ పని తగ్గుతుందని మీరు నమ్ముతున్నారు. ఆ నమ్మకాన్ని చివరిదాకా కాపాడుకోండి. హైదరాబాదులో కూర్చుని పెళ్లిపనులు చేసే పెళ్లికొడుక్కి అది చాలా అవసరం.

సైటుకు వధూవరుల పేర్లు కలిపి ఒక పేరు పెట్టడం ఆనవాయితీ. ఎవరి పేరు ముందు రావాలన్న దగ్గర మాటా మాటా పెరిగే సూచనలుంటే రెండు సైట్లు పెట్టండి. అబ్బాయి పేరు ముందున్నది మగపెళ్లివారికి, అమ్మాయి పేరు ముందున్నది ఆడపెళ్లివారికి. లోపల సరుకు ఒకటే. శుభలేఖలు రెండు రకాలు వేయించుకునే ఊళ్లో దీన్ని తప్పుపట్టేవాళ్లు ఎవరూ ఉండరు.

తర్వాతది ఆహ్వానించువారి పేజీ. ఇక్కడ తొందరపడకండి. కాగితం శుభలేఖకున్న గొప్ప సుగుణం చోటు చాలకపోవడం. ‘కార్డులో పట్టలేదు బాబాయ్’ అన్న ఒక్క మాట మీద ఎన్నో కుటుంబాలు ఇప్పటికీ కలిసి భోంచేస్తున్నాయి. వెబ్‌సైటులో ఆ సౌకర్యం లేదు. ఎంత రాసినా కిందికి ఇంకా చోటుంటుందని మూడో తరగతి చదివే మేనల్లుడికి కూడా తెలుసు. కనుక అందరినీ ఎక్కించాల్సిందే. కీర్తిశేషులైన ముత్తాత దగ్గర మొదలుపెట్టి, నాన్నతో పదేళ్లుగా మాటల్లేని చిన్నాన్న మీదుగా, నిరుడు పుట్టిన మనవడి దాకా. వరస మాత్రం వయసును బట్టి పెట్టకండి. ఇద్దరు పెద్దమ్మల్లో ఎవరు పెద్ద అనేది ఆధార్ కార్డు తేల్చగలిగిన విషయం కాదు. అక్షరక్రమం ఎవరికీ కోపం రాని పద్ధతని సాఫ్ట్‌వేరు కుర్రాళ్లు అంటారు. అలా పెడితే ‘అఖిల్’ అనే ఇంటర్ కుర్రాడు అందరికన్నా పైన, వెంకటేశ్వర్లు, వెంకాయమ్మ, శేషయ్య అట్టడుగున తేలతారు. మా వైపు వంశాల్లో పెద్దతలలన్నీ ఆ అక్షరాల దగ్గరే ఉంటాయి. పైగా ఫోనులో ఒకసారి కనిపించేవి నాలుగైదు పేర్లే. వేలితో పైకి తోస్తే మిగతావి వస్తాయని తెలియని వెంకటేశ్వర్లుగారు ఆ రాత్రే ఫోను చేస్తారు. ఇది మొదటి ఫోను. లెక్క రాసుకోవడం మొదలుపెట్టండి.

‘మా కథ’ అనే పేజీ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పెద్దలు కుదిర్చిన సంబంధమైతే రాయడానికి ఏమీ ఉండదు. ప్రేమ పెళ్లయితే రాయకూడదు. రెండో సందర్భంలో ఆ సంబంధం తెచ్చింది ఫలానా మేనత్త అని ఒక వాక్యం రాసి ఊరుకోండి. ఆవిడ కాదనదు.

ఇక ముహూర్తం. పుస్తకమంత రాయదగిన అంశం ఇదే. మాఘంలో, శనివారం రాత్రి 1 గంట 47 నిమిషాలకు వృశ్చిక లగ్నంలో పెట్టారనుకుందాం. శుభలేఖలో ‘శనివారం రాత్రి’ అని వేసి, పక్కనే ‘తెల్లవారితే ఆదివారం’ అని చేరుస్తారు. మన రోజు సూర్యోదయంతో మొదలై మళ్లీ సూర్యోదయం దాకా నడుస్తుంది కనుక అందులో తిరకాసేమీ లేదు. తాతయ్య నుంచి పనిపిల్ల దాకా అందరికీ అర్థమవుతుంది. వెబ్‌సైటుకు మాత్రం రోజు అర్ధరాత్రి పన్నెండింటికే మారిపోతుంది. మీరు శనివారం అని నొక్కి 1.47 పెడితే అది శుక్రవారం పడుకున్న రాత్రి అవుతుంది. దాన్ని నమ్మినవాళ్లు ఒక రోజు ముందే వచ్చి తాళం వేసిన మండపం ముందు నిలబడతారు. ఆదివారం అని నొక్కితే సాంకేతికంగా మీరు ఒప్పే. కానీ ఆ నిమిషం నుంచే పెదనాన్న, ‘కార్డులో శనివారం అంటివి, ఇందులో ఆదివారం అంటివి, ముహూర్తం మార్చారా, మాకు చెప్పరా?’ అని అడుగుతారు. ఆదివారం భోజనాల వేళకు ఇస్త్రీ బట్టలతో దిగేవాళ్లూ ఉంటారు. అప్పటికి అప్పగింతలు కూడా అయిపోయి ఉంటాయి.

ఇందులో ఒక వింత గమనించండి. నల్లపాడులో ఆదివారం తెల్లవారుజాము 1.47 అయినప్పుడు డల్లాస్‌లో శనివారం మధ్యాహ్నం 2.17. అంటే కార్డులో ఉన్న శనివారం, గడియారంలో ఉన్న శనివారం రెండూ కలిసేది ఒక్క డల్లాస్ బావగారికే. యూట్యూబ్ లైవ్ సరిగ్గా సమయానికి పెట్టుకుని, జీలకర్ర బెల్లం దగ్గర అక్షింతల ఎమోజీలు చల్లేది కూడా ఆయనే. మండపంలో ఉన్నవాళ్లకు ఫొటోగ్రాఫర్ల వీపులు తప్ప ఏమీ కనపడవు.

పెళ్లికింకా ఇన్ని రోజులు, ఇన్ని గంటలు అని వెనక్కి లెక్కపెట్టే గడియారం పెట్టమని కొన్ని కంపెనీలు సలహా ఇస్తాయి. మిర్చి పండించే ఇంట్లో పెట్టకండి. మా దగ్గర పెళ్లి ఖర్చుకు అసలు గడియారం మిర్చి యార్డులో ధర. జనవరిలో కోతలు మొదలై, కాయ కల్లంలో ఎండి, టిక్కీలకెక్కి యార్డుకు పోయేలోపు ధర పడిపోతే, కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగాలా, మండపం అడ్వాన్సు కోసం అమ్మేయాలా అని నాన్న రాత్రంతా దొర్లుతుంటారు. ఆయన ఫోనులో మీ గడియారం సెకన్లు కొట్టడం ఆరోగ్యానికి మంచిది కాదు.

దారి చెప్పే పేజీలో మ్యాపు పెట్టండి, అందంగా ఉంటుంది. వాస్తవంలో దారి ‘పాలిటెక్నిక్ కాలేజీ దాటాక ఎవర్నడిగినా చెప్తారు’ అన్న పద్ధతిలోనే తెలుస్తుంది. రైల్లో వచ్చేవాళ్లకు ఒక ఉపకారం చేయొచ్చు. సికింద్రాబాదు నుంచి నడికుడి మీదుగా వచ్చే లైనూ, నంద్యాల వైపు నుంచి మార్కాపురం, వినుకొండ, నరసరావుపేటల మీదుగా వచ్చే లైనూ నల్లపాడులోనే కలుస్తాయి. ఆగే రైలయితే గుంటూరు దాకా పోయి వెనక్కి రానక్కర్లేదు. ఈ ముక్క సైటులో రాయండి. చదివినవాళ్లు ‘ఆ రైలు నల్లపాడులో ఆగుద్దా?’ అని అడగడానికి ఫోను చేస్తారు. అడ్రసులో జిల్లా పేరు దగ్గర కూడా జాగ్రత్త. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నరసరావుపేట పల్నాడుకు పోయింది, బాపట్ల వేరే జిల్లా అయింది, నల్లపాడు గుంటూరులోనే ఉంది. పెళ్లికూతురిది నరసరావుపేట అయితే ఆ ఇంటి పెద్దాయన శుభలేఖలో ‘గుంటూరు జిల్లా’ అనే వేయిస్తారు. మీరు సైటులో సరిదిద్దితే, ‘మా జిల్లా మార్చడానికి వీడెవడు?’ అన్న మాట పడేది పెళ్లికి ముందే.

వచ్చేదీ లేనిదీ తెలుసుకునే పత్రం లేకుండా పెళ్లి వెబ్‌సైటు ఉండదు. ఈ వ్యవహారం అమెరికాది. 1996లో అక్కడ ద నాట్ అనే సంస్థ మొదలై పెళ్లి ఏర్పాట్లను కంప్యూటర్లోకి తెచ్చింది. వాళ్లకు అది అవసరమే, అక్కడ కుర్చీకి కూడా అతిథి పేరు రాసిపెడతారు. మనం ‘సకుటుంబ సపరివార సమేతంగా’ అని వేసి, కింద ‘ఎంతమంది వస్తున్నారు?’ అని అడుగుతాం. పత్రంలో గరిష్ఠంగా ఇద్దరు అని పెట్టారా, మీ పని అయిపోయినట్టే. ‘రాలేము’ అన్న బొత్తాన్ని ఎవ్వరూ నొక్కరు. శుభమా అని పిలిస్తే రామని నోటితో అనకూడదు, వేలితో మాత్రం ఎలా అంటారు? కాబట్టి ఆ గడిలో సున్నా నిలకడగా ఉంటుంది. ‘వస్తాం’ నొక్కినవాళ్ల సంఖ్యతో మీకు పనిలేదు. అసలు లెక్క ఫోను మాటల్లోంచి తీయాలి. ‘వీలు చూసుకుని వస్తాంలేరా’ అంటే రారు. ‘తప్పకుండా వస్తాం’ అంటే అదే రోజు ఇంకో పెళ్లి ఉంది. ‘మేం లేకుండా నీ పెళ్లెట్టా జరుగుద్దిరా’ అంటే ముందురోజే ఆటోలో ఆరుగురు, వాళ్లతో పాటు ఎదురింటావిడ. ఏమీ అనకుండా ‘సరే, ఉంటా’ అని ఫోను పెట్టేస్తే అలిగారు. అమ్మను పంపండి. ఈ పట్టికను సైటులో ఏ మూలా పెట్టకండి గానీ, వంటమేస్త్రీకి మాత్రం చూపించండి. ఆయన మీరిచ్చిన అంకె విని తల ఊపి, తన అంకె తాను రాసుకుంటాడు. ఆఖరు బంతికి గోంగూర అందేది ఆ రెండో అంకె వల్లే.

దుస్తుల రంగుల గురించి లేతాకుపచ్చ, లేతగులాబీ అని రాయాలని పెళ్లికూతురి స్నేహితులు పట్టుబడతారు. రాయండి. మేనత్తలు చదివి, ‘అంటే ఈసారి మాకు పెట్టే చీరలు ఆ రంగులా?’ అని అడుగుతారు. సంభాషణ అక్కడి నుంచి ఎక్కడికి పోతుందో ఊహించి, బడ్జెట్లో ఒక గీత అదనంగా గీసుకోండి.

కానుకల దగ్గర ‘బహుమతులు స్వీకరించబడవు’ అని రాసి పేరు తెచ్చుకుందామని కొందరికి ఉంటుంది. దానంత అమర్యాద ఇంకోటి లేదు. మండపం గుమ్మం దగ్గర బల్ల వేసుకుని ఒకరు కవరు విప్పుతుంటే ఇంకొకరు చదివింపుల పుస్తకంలో రాస్తారే, అది ఒక ఇంటి పుస్తకం కాదు. పాతికేళ్లుగా మీ నాన్న ఊళ్లోవాళ్ల పెళ్లిళ్లలో చదివించిన నూటపదహార్లు, వెయ్యినూటపదహార్లు వాళ్ల పుస్తకాల్లో ఉన్నాయి. ఇప్పుడు తీర్చుకోవడానికి వస్తారు. వద్దంటే వాళ్ల బాకీ వాళ్ల మీదే ఉండిపోతుంది. మిక్సీ, కాఫీ యంత్రం అని కావలసినవాటి జాబితా పెట్టినా అంతే. వాళ్లు మీ నాన్న దగ్గర పుచ్చుకున్నది డబ్బు, కాఫీ యంత్రం కాదు.

మధ్యేమార్గంగా యూపీఐ క్యూఆర్ కోడు పెట్టొచ్చు. 2016లో యూపీఐ వచ్చాక చివరి రూపాయికి చిల్లర వెతుక్కునే బాధ పోయింది. ఒక్కటే చిక్కు. పంపింది వెంకటేశ్వర్లుగారే అయినా ఖాతా కొడుకు పేరు మీద ఉంటుంది. పుస్తకంలో కొడుకు పేరు పడితే రేపు ఆయన మనవరాలి పెళ్లిలో నాన్న ఎవరికి చదివించాలి? మైకులో ఎవరి పేరు చదవాలి? అసలు ఫోనుకు వచ్చిన డబ్బును మైకులో చదువుతారా? వీటికి జవాబులు మీ సైటులో రాయగలిగితే రాయండి.

సైటు సిద్ధమయింది. ఇప్పుడు దాన్ని జనానికి చేర్చాలి. వాట్సాప్‌లో లింకు పంపితే చాలనుకుంటారు. శుభలేఖ పేరుతో ఏపీకే ఫైలు పంపి, తెరిచినవాళ్ల ఫోను చేజిక్కించుకుని ఖాతాలు ఊడ్చేసే మోసం 2024 చివర్లో వార్తలకెక్కింది. తెలియని లింకులు నొక్కొద్దు, మోసపోతే 1930కి ఫోను చేయండి అని ప్రచారం చేసీ చేసీ మన పెద్దలను బాగా తయారుచేశారు. కాబట్టి మీ లింకు చూసిన మావయ్య నాన్నకు ఫోను చేసి, ‘మీవాడి పేరుతో ఎవడో పెళ్లి లింకు పంపుతున్నాడు బావా, నేను తెరవలేదు, నువ్వు పోలీసులకు చెప్పు’ అంటాడు. ఆయన్ని మెచ్చుకోండి.

అందుకని లింకును క్యూఆర్ కోడుగా శుభలేఖ మూలన అచ్చువేయించారు. శుభలేఖ నాలుగు మూలలా అమ్మ పసుపు రాస్తుంది. పసుపు పడ్డ కోడు ఏ ఫోనుకూ అందదు. మధ్యలో వేయించండి అంటే అక్కడ వినాయకుడున్నాడు. వెనక వేయించండి అంటే అక్కడ ప్రెస్సువాడి పేరుంది, వాడు కదలడు.

ఇక మిగిలింది ఇంటింటికీ వెళ్లడం. కుంకుమభరిణె పట్టుకుని అమ్మా పిన్నీ గడపగడపకూ తిరిగి, బొట్టు పెట్టి, కార్డు చేతికిచ్చి, ‘రెండ్రోజులు ముందే రావాలొదినా’ అంటారు. ఆ పక్కనే నిలబడి మీరు సైటు ఎలా తెరవాలో చూపించండి. వాళ్లు శ్రద్ధగా చూస్తారు, ‘మంచిగా చేశావు నాన్నా’ అంటారు. ఆ పైన ముహూర్తం ఎన్నింటికో, మండపం ఎక్కడో, మాంసం ఏ పూటో మీ అమ్మనే అడిగి తెలుసుకుంటారు. అడిగినవాళ్ల కార్డు వాళ్ల చేతిలోనే ఉంటుంది. ఎవరింటికైనా పోవడం కుదరక లింకు మాత్రం పంపారో, ‘సైటు చూపించారు గానీ పిలవలేదు’ అన్న మాట పల్నాడు దాకా పాకుతుంది.

చివరిగా, సంప్రదించవలసిన నంబరు. నాన్నది ఇవ్వకండి, ఆ నాలుగు రోజులూ ఆయన ఫోను ఏ జేబులో ఉందో ఆయనకే తెలియదు. మీది అసలే వద్దు. ప్రతి ఇంట్లోనూ రిటైరైన మావయ్య ఒకరుంటారు. ఏ రైలు నల్లపాడులో ఆగుతుందో, ఏ వదిన ఏ పెళ్లిలో ఎందుకు అలిగిందో, రాత్రి 1.47 అంటే ఏ వారమో ఆయనకు నోటికొచ్చు. పైగా ఎవరైనా ఫోను చేస్తే బాగుండునని పొద్దుటి నుంచి ఎదురుచూస్తూ ఉంటారు. మొదటి పేజీలో, ఫొటో కన్నా పైన, పెద్ద అక్షరాలతో ఆయన నంబరు వేయండి. రీఛార్జి మాత్రం మీరే చేయించండి. ఖర్చుల పుస్తకంలో దాన్ని వెబ్‌సైటు పద్దు కిందే రాసుకోవచ్చు.