కూతవేటు దూరంలో సైకిల్ ట్రాక్

ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్లు పెట్టే రోజుల్లో మన ఇళ్లలో వినపడే ప్రశ్నలు ఇన్నాళ్లూ మూడే. ప్లేస్‌మెంట్లు ఎట్లున్నయి? హాస్టల్ల తిండి ఎట్లుంటది? బస్సు మన స్టాపుల ఆగుతదా? ఈమధ్య నాలుగోది వచ్చి చేరింది: చుట్టుపక్కల సైక్లింగ్ బాగుంటుందా? ఇది మాత్రం ఇంటి యాసలో రాదు, కాస్త ఏసీ గాలి సోకిన గొంతులో వస్తుంది. యూనివర్సిటీలు దీనికి జవాబు ముందే అచ్చేసి పెట్టుకున్నాయి. నున్నటి కాగితం మీద హెల్మెట్లు పెట్టుకున్న ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ఇద్దరి మొహాల మీదా చెమట చుక్క ఉండదు. క్యాంపస్‌కు కూతవేటు దూరంలో ప్రపంచ స్థాయి సైకిల్ ట్రాక్ ఉందని కింద ఒక వాక్యం. కూసేదెవరో, ఎంత గట్టిగా కూయాలో ఉండదు.

దీన్ని చూసి నవ్వేవాళ్లున్నారు. నేను నవ్వను. చదువు సంగతి ఎటూ ఎవరూ అడగడం లేదు కాబట్టి, కనీసం పిల్లవాడి పిక్కలైనా గట్టిపడతాయంటే కాదనడానికి నేనెవర్ని? కాకపోతే కొలబద్ద ఒకటి చేతిలోకి తీసుకున్నాక దాన్ని అన్ని ఊళ్లకీ పెట్టి చూడాలి. నేను హైదరాబాద్ పొలిమేరలోని పారిశ్రామికవాడ కాజీపల్లికి పెట్టాను.

మ్యాపులో చూస్తే ఇంతకు మించిన చోటు దొరకదు. తూర్పున బహదూర్‌పల్లిలో మహీంద్రా యూనివర్సిటీ, దుండిగల్ చుట్టూ వరసగా ఇంజనీరింగ్ కాలేజీలు. పడమర ముంబై హైవే ఎక్కితే రుద్రారంలో గీతం, కందిలో ఐఐటీ, ఇంకా ముందుకు పోతే కంకోల్‌లో వోక్సెన్. నైరుతిన కొల్లూరులో ఆ ప్రపంచ స్థాయి ట్రాక్ కొస. పక్కనే 1,650 ఎకరాల అడవి. దగ్గర్లోనే చెరువు. ఇక్కడ సైకిల్ ఎక్కి కళ్లు మూసుకుని ఎటు తిరిగినా చదువో ప్రకృతో తగలాలి. తగిలేది మాత్రం ట్యాంకర్.

ముందు ట్రాక్ గురించి మాట్లాడుకుందాం, బ్రోచర్ దాని మీదే నిలబడింది కాబట్టి. 2023 అక్టోబర్ 1న అవుటర్ రింగ్ రోడ్డు వెంట దాన్ని తెరిచారు. నానక్‌రాంగూడ నుంచి పోలీసు అకాడమీ దాకా 8.5 కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5, మొత్తం 23. వెడల్పు నాలుగున్నర మీటర్లు, మూడు వరసలు. పైన కప్పుగా సోలార్ పలకలు, 16 మెగావాట్ల కరెంటు. దక్షిణ కొరియాలో చూసి వచ్చి కట్టారు. కట్టడంలో వంక పెట్టడానికి ఏమీ లేదు, ఎండాకాలంలో ఆ నీడ నిజంగానే హాయి. చిక్కల్లా ఏమిటంటే, అది మొదలయ్యే చోటికి ముందు మనం చేరాలి. అవుటర్ మీదికి టూవీలర్నే రానివ్వరు, ఇక సైకిల్ మాట ఎత్తకండి. కాజీపల్లి నుంచి పోవాలంటే సుల్తాన్‌పూర్, ముత్తంగి మీదుగా సర్వీస్ రోడ్డు పట్టుకోవాలి. టిప్పర్ల మధ్య నుంచి, గుంతల మీదుగా, ఎదురు దిశలో వచ్చే ట్రాక్టర్లను తప్పించుకుంటూ కొల్లూరు దాకా క్షేమంగా చేరగలిగినవాడికి ఇంక ట్రాక్‌తో పనేముంది? వాడు హిమాలయాల మీద తొక్కుతాడు.

అందుకే తెలివైనవాళ్లు సైకిల్‌ను కారు వెనక కట్టుకుని వస్తారు. ఆదివారం తెల్లవారుజామున ట్రాక్ మొదట్లో నిలబడితే ఈ ఊరేగింపు చూడొచ్చు. లక్ష రూపాయల సైకిల్‌ను ఇరవై లక్షల కారు మోసుకొస్తుంది. దింపుతారు, తొక్కుతారు, ఫొటో దిగుతారు, మళ్లీ ఎక్కిస్తారు, దారిలో ఇడ్లీ తింటారు. పైన పలకలు వారమంతా పనిచేస్తాయి, కింద దారికి శని ఆదివారాలే డ్యూటీ. పిల్లవాణ్ని యూనివర్సిటీలో వేసేటప్పుడు ఈ సౌకర్యం చూసి వేస్తున్నామంటే, ఫీజుతో పాటు కారు కూడా కొనిపెడుతున్నామని అర్థం.

ఇక అడవి. 2020 సెప్టెంబర్‌లో సినీ హీరో ప్రభాస్ కాజీపల్లి రిజర్వు ఫారెస్టును దత్తత తీసుకున్నారు. రెండు కోట్ల రూపాయలిచ్చారు, ఆయన తండ్రి ఉప్పలపాటి సూర్యనారాయణరాజు పేరు పెట్టాలనుకున్నారు. మంచి పనే, ఎకసెక్కమాడను. ఈ వాడలో చెట్టుకు దిక్కంటూ ఒకరుండటమే గొప్ప. చెరువు సంగతి వేరు. దాన్ని దత్తత తీసుకోమంటే హీరో మాటేమోగాని విలన్ కూడా ముందుకు రాడు.

ఆ చెరువు మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. మన దగ్గర చాలా యూనివర్సిటీలు అంతర్జాతీయ ఖ్యాతి కోసం కోట్లు ఖర్చుపెడతాయి. కాజీపల్లి చెరువు కదలకుండా కూర్చుని సంపాదించుకుంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ యూనివర్సిటీ పరిశోధకులు ఈ చెరువు మట్టిలోని సూక్ష్మజీవుల జన్యువులను పరీక్షించి 2014లో ప్రచురించారు. యాంటీబయాటిక్ మందులకు లొంగని జన్యువులు స్వీడన్ చెరువుతో పోలిస్తే మన చెరువులో దాదాపు 7,000 రెట్లు ఎక్కువ. స్వీడన్ చెరువులో అలాంటి జన్యువులు ఎనిమిది రకాలు మాత్రమే దొరికాయట, పాపం. అంతకు ముందు 2009లో, మందుల ఫ్యాక్టరీలున్న ఈ బెల్టులోని చెరువుల నీళ్లు పరీక్షించిన స్వీడన్ వాళ్లకే సిప్రోఫ్లాక్ససిన్, సెట్రిజిన్ మిల్లీగ్రాముల లెక్కన కనపడ్డాయి. లీటరుకు సిప్రో ఆరున్నర మిల్లీగ్రాముల దాకా. సైకిల్ తొక్కుతూ దుమ్ముకు తుమ్మొస్తే మాత్ర కోసం జేబు తడుముకోనక్కర్లేదు, చెరువులోకి వంగితే చాలు. 2007లో అయితే పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం శుద్ధి చేసి వదిలిన నీళ్లలో ఒక్కరోజుకు పోతున్న సిప్రో, 90 వేల మంది ఉన్న పట్నానికి వైద్యం చేయడానికి సరిపోతుందని లెక్క తేలింది. శుద్ధి చేశాక సుమా.

స్వీడన్ నుంచి విమానాలెక్కి వచ్చి ఈ నీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. చుట్టూ ఇన్ని యూనివర్సిటీలు, ఇన్ని బయోటెక్నాలజీ డిపార్ట్‌మెంట్లు. బ్రోచర్లలో మాత్రం చెరువు నీలంగా ఉంటుంది.

గాలి గురించి నేను చెప్పేది ఏముంది, మియాపూర్, బాచుపల్లి, అమీన్‌పూర్ అపార్ట్‌మెంట్లలో రాత్రి కిటికీలు మూసుకుని పడుకునేవాళ్లను అడగండి. ఫ్యాక్టరీల వాసన ఏ రాత్రి ఏ ఘాటుతో వస్తుందో వాళ్లు ముక్కుతో చెప్పగలరు. పటాన్‌చెరు–బొల్లారం కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టుకు ఎక్కింది. పటాన్‌చెరు డాక్టరు అల్లాని కిషన్‌రావు రోగులను చూస్తూనే ఏళ్ల తరబడి ఈ కంపు మీద కొట్లాడారు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన 43 ప్రాంతాల జాబితా ఇస్తే అందులో మన బెల్టు పేరు దర్జాగా ఉంది. సైకిల్ తొక్కితే ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చుకోవచ్చంటారు డాక్టర్లు. ఇక్కడ ఆ ఒక్క లాభమే మనకు అక్కర్లేనిది.

అసలు యూనివర్సిటీలకు సైకిల్ మీద ఇంత ప్రేమ ఎక్కణ్నుంచి పుట్టింది? కాలేజీలకు గ్రేడులిచ్చే న్యాక్ కాగితాలు తిరగేస్తే తెలుస్తుంది. ఏడో క్రైటీరియన్ కింద గ్రీన్ క్యాంపస్ అని ఒక అంశం ఉంది. క్యాంపస్‌లోకి వాహనాల రాకను తగ్గించారా, సైకిళ్లు, బ్యాటరీ బండ్లు వాడుతున్నారా, నడిచేవాళ్లకు దారులున్నాయా, ప్లాస్టిక్ మానేశారా, చెట్లు పెంచారా అని అడుగుతారు. మంచి ప్రశ్నలే. కానీ అవన్నీ కాంపౌండ్ వాల్ దగ్గర ఆగిపోతాయి. గేటు లోపల తొక్కిన సైకిల్‌కు మార్కులున్నాయి, గేటు బయట తొక్కినదానికి లేవు. కాబట్టి లోపల కొత్త సైకిళ్లు స్టాండులో వరసగా నిలబడతాయి, కొన్నిటికి సీటు మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయరు. జూన్ 3న ప్రపంచ సైకిల్ దినోత్సవం అని ర్యాలీ, ముందు ఎస్కార్టు కారు, వెనక అంబులెన్సు. 2020లో సరిగ్గా అదే రోజున అట్లాస్ కంపెనీ సాహిబాబాద్‌లో మిగిలిన తన ఆఖరి ఫ్యాక్టరీ మూసేసింది. ఆ సంగతి ర్యాలీ ఉపన్యాసాల్లో రాదు.

మధ్యలో ఒక మాట. కంది ఐఐటీలో డ్రైవర్ లేని బండ్లను పరీక్షించడానికి పెద్ద ట్రాక్ కట్టారు, 2022 జులైలో ప్రారంభమైంది. దేశానికి గర్వకారణమే. కానీ ఖర్చు కాస్త మిగుల్చుకోవాల్సింది. రాత్రి పదకొండు దాటాక బొల్లారం, గడ్డపోతారం రోడ్డు మీద నిలబడితే డ్రైవర్ లేనట్టు నడిచే బండ్లు ఎన్నయినా ఉచితంగా చూపిస్తాం.

ఇప్పుడు ఈ ఊళ్లో నిజంగా సైకిల్ తొక్కేవాళ్ల దగ్గరికి వద్దాం. పొద్దున షిఫ్టు మారే వేళ కాజీపల్లి పారిశ్రామికవాడ రోడ్డు మీద చూడండి. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కుర్రాళ్లు, రూముకు ఐదారుగురు ఉండేవాళ్లు, పాత సైకిళ్ల మీద ఫ్యాక్టరీలకు పోతుంటారు. హ్యాండిల్‌కు టిఫిన్ డబ్బా వేలాడుతుంటుంది. క్యారియర్ మీద ఇంకొకడు కూర్చుంటాడు. నెత్తిన హెల్మెట్ కూడా ఉంటుంది, కానీ అది ఫ్యాక్టరీది, పైనుంచి పైపు జారిపడితే కాపాడేది. వెనక నుంచి యాసిడ్ ట్యాంకర్ హారన్ కొడితే వాళ్లు రోడ్డు దిగి మట్టిలోకి వెళ్తారు. వానాకాలంలో ఆ మట్టి మోకాలి లోతు రంగునీళ్లు. రోడ్డు పక్కన నాలుగున్నర మీటర్లు కాదు కదా, నాలుగడుగులు కూడా వాళ్ల కోసం ఎవరూ గీత గీయలేదు. సోలార్ కప్పు అడగడం అత్యాశ, వీధిలైటు వెలిగినా చాలు.

వాళ్లు రోజూ తొక్కుతారు, ఎండలో వానలో తొక్కుతారు, నైట్ షిఫ్టు అయ్యాక కళ్లు మూతలు పడుతుంటే తొక్కుతారు. పెట్రోలు ఖర్చు లేదు, పొగ లేదు. కార్బన్ లెక్కలు తీస్తే ఆ రూముకు ఏ ప్లస్ ప్లస్ గ్రేడు రావాలి. రాదు. వాళ్ల ఫొటో ఏ బ్రోచర్‌లోనూ రాదు, ఎందుకంటే వాళ్లకు చెమట పడుతుంది.

మన మధ్యతరగతికి సైకిల్‌తో ఉన్న సంబంధం విచిత్రమైనది. తండ్రి రోజూ సైకిల్ తొక్కి కాలేజీకి పోయి, ఉద్యోగం రాగానే చేసిన మొదటి పని ఆ సైకిల్‌ను పాత సామాన్లవాడికి వేయడం. కొడుక్కి ఇంటర్ అవగానే బైకు. సైకిల్ మీద పోతే నలుగురూ ఏమనుకుంటారు? ఓటేసేటప్పుడు సైకిల్ గుర్తు మీద కళ్లకద్దుకుని గుద్దినవాళ్లు కూడా దాని మీద కూర్చోవడానికి మాత్రం సిగ్గుపడ్డారు. అదే కొడుకు కాలిఫోర్నియాలో డేవిస్ యూనివర్సిటీకి పోయాడనుకోండి, తండ్రి చుట్టాలందరికీ ఫొటోలు పంపుతాడు: మావాడు క్లాసుకు సైకిల్ మీద పోతడు, తెల్సా! డేవిస్‌లో 1967లోనే రోడ్డు మీద సైకిళ్లకు వేరే గీత గీశారు. అమెరికాలో మొదట గీసింది వాళ్లే. అక్కడ సైకిల్ మీద పోయేవాడు ప్రొఫెసరూ కావచ్చు, పిజ్జా డెలివరీ కుర్రాడూ కావచ్చు, ఇద్దరిదీ ఒకే గీత. క్యాంపస్‌లో మొదలైన దారి ఊళ్లోకి పోతుంది, ఊళ్లోది క్యాంపస్‌లోకి వస్తుంది, మధ్యలో గేటు లేదు. మనవాళ్లు అక్కణ్నుంచి దిగుమతి చేసుకున్నది హెల్మెట్లు, బిగుతు లాగులు.

సైక్లింగ్ చూసి యూనివర్సిటీ ఎంచుకోవడం తప్పని నేను అనడం లేదు. నిజంగానే చూసి ఎంచుకోమంటున్నాను. ట్రాక్ ఎంత పొడవో, కప్పు మీద ఎన్ని మెగావాట్లో వదిలేయండి. గేటు తెరిచిన వాచ్‌మన్ డ్యూటీకి దేని మీద వస్తాడో, ఆ సైకిల్‌ను లోపల పెట్టుకోనిస్తారో, గోడ పక్కన చెట్టుకు కట్టుకోమంటారో అడగండి. మెస్‌లో వంట చేసే అమ్మ తెల్లవారుజామున ఏ రోడ్డు మీద ఎట్లా వస్తుందో అడగండి. ర్యాంకింగుల పట్టికల్లో ఈ కాలమ్ లేదు, తలుచుకుంటే పెట్టడానికి ఒక్క గీత చాలు.

ఇంకా అనుమానం తీరకపోతే ఒక పని చేయండి. అడ్మిషన్ కౌన్సెలర్ గారు ఏసీ గదిలో బ్రోచర్ తెరిచి ట్రాక్ ఎంత దగ్గరో వివరిస్తుంటే మర్యాదగా వినండి. విన్నాక, సార్, రేపు పొద్దున ఆరింటికి మీరూ నేనూ ఇక్కణ్నుంచి కొల్లూరు దాకా సైకిళ్ల మీదే పోయొద్దాం, కారు వద్దు అనండి. ఆయన నవ్వుతారు. ఈ రోడ్డు మీద లారీలు ఎక్కువండీ, మేమే పిల్లల్ని గేటు దాటి సైకిల్ మీద పోనివ్వం, చాలా రిస్కు అంటారు. ఆ మాటనే యూనివర్సిటీ లెటర్‌హెడ్ మీద రాసి, స్టాంపు వేసి ఇవ్వమనండి. ఫీజు ఆ తర్వాత కట్టొచ్చు.